ఫ్రిజ్ సీసాకు పట్టే చెమట: చుక్క ఎక్కడ పుడుతుంది, ఎలా పెరుగుతుంది?

మీరు అడిగింది ఇది: ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు సీసా మీద నీళ్ళు సమంగా పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగానే ఎందుకు పడతాయి? ముందు పొగ పట్టినట్టున్నది కాసేపట్లో పెద్ద చుక్కలెలా అవుతుంది? పెద్దవి పక్కనున్న చిన్నవాటి నీళ్ళను పీల్చేసుకుంటాయా? ఆ నీళ్ళు సీసా లోపలివి కావు, గాలిలోని తేమేనని మీకు తెలుసు కాబట్టి దాన్ని మళ్ళీ చెప్పను.

ముందు సూటిగా జవాబు. చుక్కలు గాజు మీద ఎక్కడపడితే అక్కడ పుట్టవు. గీత, గుంట, దుమ్ము, వేలిముద్ర లాంటివి ఉన్నచోట పుడతాయి. మొదట్లో గాలిలోని ఆవిరితో పెరుగుతాయి, ఒకదానికొకటి తగిలే సైజుకొచ్చాక కలిసిపోయి పెరుగుతాయి. మీ కంటికి ఆనే పెద్ద చుక్కలో లక్షల కొద్దీ బుల్లి చుక్కలు కలిసి ఉంటాయి. తగలకుండా, దూరం నుంచి పెద్దది చిన్నదాన్ని పీల్చుకోవడం మామూలు సీసా మీద లెక్కలోకి రాదు. ఇక పొరగా పడుతుందా చుక్కలుగా పడుతుందా అన్నది చల్లదనాన్ని బట్టి ఉండదు, గాజు ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. చల్లదనం అనుమతి ఇస్తుంది, అంతే.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ చూసుకుంటాను. మధ్య మధ్యలో ఏసీ పైపుల ఇన్సులేషన్ పనుల దగ్గరకు సలహా కోసం పిలుస్తుంటారు. కింద రాసేది ఆ రెండు చోట్లా చూసిందే.

ఆ అనుమతి ఎప్పుడొస్తుందో ముందు చూద్దాం. గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర అందులోని తేమ శాతం నూటికి చేరుతుంది. అదే డ్యూ పాయింట్. సీసా ఉపరితలం అంతకంటే చల్లగా ఉంటేనే చెమట. మే నెలలో విశాఖలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉందనుకోండి, డ్యూ పాయింట్ సుమారు 27 డిగ్రీలు. అదే రోజు హైదరాబాదులో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అది 13 దగ్గరే ఉంటుంది. అంటే 20 డిగ్రీల నీళ్ళసీసా విశాఖలో తడిసి ముద్దవుతుంది, హైదరాబాదులో పొడిగానే ఉంటుంది. తేమ శాతం ఒక్కటే చూసి మోసపోకండి, డ్యూ పాయింట్ చూడండి. (ఇక్కడ ఎవరో ఒకరు కుండ సంగతి ఎత్తుతారు. కుండ బయటి తడి మట్టిలోని సందుల్లోంచి ఊరినది. ఈ లెక్కలోకి రాదు.)

డ్యూ పాయింట్ కిందకి దిగినంత మాత్రాన చుక్క పుట్టేస్తుందా? పుట్టదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

చుక్క ఎంత చిన్నదైతే దాని ఉపరితలం అంత వంపుగా ఉంటుంది. ఆ వంపు మీదున్న అణువును పట్టి ఉంచే పొరుగు అణువులు తక్కువ, కాబట్టి అది తేలిగ్గా జారుకుంటుంది. అందుకే బాగా చిన్న చుక్క, చుట్టూ తేమ నిండుగా ఉన్నా ఆవిరైపోతుంది. ఒక హద్దు దాటితే మాత్రం పోయే అణువుల కంటే వచ్చేవి ఎక్కువై, తనంతట తాను పెరుగుతుంది. పొయ్యి రాజేయడం లాంటిదే ఇది, రవ్వ ఆరిపోతుంది, పిడక అంటుకుందంటే ఇక ఊదక్కర్లేదు. చుక్క సైజుకూ అది ఆవిరయ్యే తీరుకూ ఉన్న లంకె చెప్పే కెల్విన్ సమీకరణంతో లెక్కగడితే, పైన చెప్పిన విశాఖ గాలిలో 5 డిగ్రీల సీసా మీద ఆ హద్దు వ్యాసార్థం ఒక నానోమీటరుకు (మిల్లీమీటరులో పది లక్షలవ వంతుకు) కాస్త తక్కువ. అంటే వంద లోపు నీటి అణువులు ఒకచోట గుమిగూడితే చాలు. వంద లోపేగా అనిపిస్తుంది గానీ, ఆవిరిలో విడివిడిగా పరుగెత్తే అణువులు అలా కలవడం మాటలు కాదు.

ఆ కష్టాన్ని గట్టి ఉపరితలం తగ్గిస్తుంది. గాలిలో తేలే చుక్క నిండు గోళంగా ఉండాలి, గాజు మీద ఉన్నదానికి గోళంలో ఒక ముక్క చాలు. ఎంత ముక్క అన్నది స్పర్శకోణం చెబుతుంది, అంటే చుక్క అంచు గాజుతో చేసే కోణం. 90 డిగ్రీల కోణమైతే దాటాల్సిన శక్తి అడ్డంకి సగమే. 60 డిగ్రీలైతే దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. సన్నటి గీతలోనో గుంటలోనో అయితే రెండు వైపులా గోడ ఆసరా ఉంటుంది కాబట్టి ఇంకా సులువు. వేలిముద్రలో చెమట ఉప్పు ఉంటుంది. ఉప్పుకు నిండు తేమ కూడా అక్కర్లేదు, 75 శాతం దాటితే చాలు, నీరు లాక్కుని కరిగిపోతుంది. వానాకాలం ఉప్పుడబ్బా చూసిన ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు.

ఒకప్పుడు ఈ విషయం మీద పెద్ద వాదన నడిచింది. ముందు కంటికి కనిపించని పలుచటి పొర పడుతుందనీ, అది మందమయ్యాక చిట్లి చుక్కలవుతుందనీ 1936లో వేడి ప్రసారం మీద పనిచేసిన శాస్త్రవేత్త మాక్స్ యాకోబ్ ప్రతిపాదించారు. చాలామంది ఇప్పటికీ అలాగే ఊహించుకుంటారు. 1960లలో మెకార్మిక్, బేర్ జంట, ఆ తర్వాత ఉమూర్, గ్రిఫిత్ జంట చేసిన ప్రయోగాల్లో, చుక్కలు ఉపరితలం మీద కొన్ని నిర్దిష్టమైన చోట్లే పుడుతున్నాయనీ, చుక్కల మధ్య చెప్పుకోదగ్గ పొర లేదనీ తేలింది. నన్నడిగితే ఈ గొడవలో ఇంట్లో వాడుకోదగ్గ పాఠం ఒకటుంది: చుక్కల మధ్య గాజు నిజంగానే పొడిగా ఉంటుంది.

మరి కొన్నిటి మీద పొర ఎందుకు పడుతుంది? బాగా శుభ్రం చేసిన గాజు మీద నీటి స్పర్శకోణం దాదాపు సున్నా. అక్కడ పుట్టిన చుక్క పుట్టగానే పరుచుకుని పక్కదానితో కలిసిపోతుంది, మీరు చూసేసరికి పొరే. కానీ వంటింట్లో ఉన్న గాజు అంత శుభ్రంగా ఉండదు. నూనె ఆవిరి, చేతి జిడ్డు, సబ్బు మిగులు ఏదో ఒకటి అంటుకునే ఉంటుంది. కోణం పెరుగుతుంది, చుక్కలు చుక్కలుగానే నిలుస్తాయి. పాలిథీన్ లాంటి ప్లాస్టిక్ మీద కోణం 90 దాటుతుంది, మైనం మీద ఇంకాస్త ఎక్కువ. మీ ఇంట్లో స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ సీసా పక్కపక్కన పెట్టి చూస్తే చుక్కల ఆకారంలోనే తేడా కనిపిస్తుంది. ప్లాస్టిక్ మీద బొద్దుగా, తోమిన స్టీలు మీద చప్పిడిగా, అంచులు వంకరటింకరగా ఉంటాయి.

మెకానికల్ చదివినవాళ్ళకు ల్యాబ్‌లో ఈ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. గాజు గొట్టం లోపల రెండు రాగి గొట్టాలు, ఒకటి పూత పూసి మెరిసేది, ఇంకొకటి మామూలుది. లోపల చల్లనీళ్ళు పారిస్తూ బయట ఆవిరి వదిలితే పూత గొట్టం మీద చుక్కలు, మామూలు దాని మీద పొర. చుక్కలున్న గొట్టం ఎక్కువ వేడిని లాగుతుంది. పొరలోంచి వేడి ఎంత దాటుతుందన్న లెక్కను జర్మన్ ఇంజనీరు నుసెల్ట్ 1916లోనే కట్టాడు. చుక్కలుగా పడితే వేడి ఎన్నో రెట్లు ఎక్కువగా దాటుతుందని 1930లో ష్మిట్ బృందం చూపించింది. కారణం సులువే. నీరు వేడిని అంత బాగా దాటనివ్వదు. పొరైతే లోహాన్నంతా దుప్పటిలా కప్పేస్తుంది. చుక్కలైతే జారిపోతూ లోహాన్ని మళ్ళీ మళ్ళీ బయటపెడతాయి.

అయితే పాత ల్యాబుల్లో ఈ ప్రయోగం తరచూ మొరాయిస్తుంది. పూత గొట్టం మీద కూడా పొరే పడుతోందని విద్యార్థులు కంగారు పడుతుంటారు. పూత అరిగిపోయి, ఆవిరితో వచ్చిన మురికి పేరుకుని ఉంటుంది, స్పర్శకోణం పడిపోతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల కండెన్సర్లలో (టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని మళ్ళీ నీరు చేసేవి) చుక్కల పద్ధతి ఇన్నాళ్ళయినా పాతుకుపోకపోవడానికి ముఖ్య కారణం కూడా ఇదే: ఏళ్ళ తరబడి ఆవిరికి తట్టుకునే పూత దొరకడం కష్టం. రామగుండమైనా మరెక్కడైనా కండెన్సర్‌ను పొర లెక్కతోనే డిజైన్ చేస్తారు, అదే క్షేమం.

ఇప్పుడు పెరుగుదల. దీన్ని కాస్త నిదానంగా చదవండి.

మొదటి దశ: ఒంటరి చుక్కలు. పుట్టిన చుక్కలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. సీసా చుట్టూ ఉన్న గాలిలోంచి ఆవిరి నెమ్మదిగా వ్యాపిస్తూ వచ్చి వాటి మీద చేరుతుంది. చుక్కల సంఖ్య మారదు, చేరే నీరు నిమిషానికింతని ఉంటుంది. వ్యాసం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు నీరు కావాలి కాబట్టి ఎనిమిది రెట్లు కాలం పడుతుంది. అందుకే మొదట చకచకా పెరిగినట్టుండి తర్వాత మందగిస్తాయి. మీరు పొగ అన్నది ఈ దశే. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్కలు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి, గాజు తెల్లబడుతుంది.

రెండో దశ: కలిసిపోవడం. చుక్కలు పెరిగి అంచులు తగిలాయంటే తలతన్యత, అంటే నీటి ఉపరితలం బిగుసుకుని కుదించుకునే గుణం, రెండింటినీ లాగి ఒకటి చేస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. సమానమైన రెండు చుక్కలు కలిస్తే కొత్తదాని వ్యాసం రెట్టింపు కాదు, 1.26 రెట్లే. అది కప్పే చోటు పాత రెండూ కలిసి కప్పిన దానికంటే సుమారు 20 శాతం తక్కువ. అంటే ప్రతి కలయికా కొంత గాజును ఖాళీ చేస్తుంది. ఒక పక్క ఆవిరి చుక్కల్ని పెంచి గాజును కప్పుతుంటే, ఇంకో పక్క కలయికలు ఖాళీ చేస్తుంటాయి. ఆ రెండూ సరితూగి, కప్పిన భాగం ఒక స్థాయి దగ్గర నిలిచిపోతుంది. స్పర్శకోణం 90 దగ్గర ఉన్న ఉపరితలాల మీద అది సగానికి కాస్త ఎక్కువ.

దీంట్లోంచి ఒక చక్కని ఫలితం వస్తుంది. కప్పిన భాగం మారడం లేదు, కానీ మొత్తం నీరు నిమిషానికింతని పెరుగుతోంది. పక్కకు పెరిగే వీల్లేని నీరు ఎత్తుకే పెరగాలి. కాబట్టి ఈ దశలో చుక్కల సగటు సైజు కాలంతో సమంగా పెరుగుతుంది, మొదటి దశలోలా మందగించదు. పొగ హఠాత్తుగా పెద్ద చుక్కలైపోయినట్టు మీకు అనిపించింది దీనివల్లే. అద్దం మీద ఊపిరి వదిలితే ఏర్పడే ఈ చుక్కల నమూనాల మీద బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1911లోనే రాశారు. సూక్ష్మదర్శిని కింద పెరుగుదలను కొలిచి ఈ దశల లెక్క తేల్చింది మాత్రం 1986లో బెయ్‌సెన్స్, నోబ్లర్.

మూడో దశ: జారడం. నిలువు గాజు మీద చుక్క రెండు మూడు మిల్లీమీటర్లకు చేరేసరికి బరువు తలతన్యతను మించుతుంది. అది జారుతూ దారిలో ఉన్నవాటినన్నిటినీ కలుపుకుని పోతుంది. వెనక పొడి చార మిగులుతుంది. ఆ చారలో మళ్ళీ మొదటి దశ మొదలు. రెండో దశలో ఖాళీ అయిన సందుల్లో కూడా అంతే. అందుకే ఏ క్షణంలో చూసినా పెద్దవీ చిన్నవీ కలగలిసి ఉంటాయి. అవి ఒకే వయసువి కావు, వేర్వేరు తరాలవి.

ఇక పీల్చుకోవడం సంగతి. మీ ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. చిన్న చుక్క మీద ఆవిరి ఒత్తిడి (నీరు ఆవిరిగా జారుకునే ఊపు) ఎక్కువ కాబట్టి, దాని నుంచి పెద్దదానికి నీరు ఆవిరి రూపంలో మళ్ళాలి. సూత్రం నిజమే. కానీ చుక్క వ్యాసార్థం 0.1 మైక్రాన్ దాటేసరికి ఆ తేడా ఒక శాతం దగ్గరకు పడిపోతుంది. చుట్టూ గాలిలో తేమ రెండు మూడు రెట్లు మిగులు ఉన్నప్పుడు ఆ ఒక శాతం ఎవరికి లెక్క? చిన్నదీ పెద్దదీ రెండూ పెరుగుతూనే ఉంటాయి.

పీల్చుకోవడం నిజంగా జరిగే చోట్లు రెండున్నాయి. ఒకటి, ఉప్పు కలిసిన చుక్క. దాని మీద ఆవిరి ఒత్తిడి బాగా తక్కువ, చుట్టుపక్కల తేమను అదే లాగేస్తుంది. సన్నటి ఉప్పురవ్వ ఒకటి అద్దం మీద పెట్టి ఊపిరి వదిలితే దాని చుట్టూ చుక్కల్లేని వలయం కనిపిస్తుంది. రెండోది ఫ్రీజర్. మైనస్ 10 డిగ్రీల దగ్గర గడ్డకట్టని నీటి కంటే మంచు మీద ఆవిరి ఒత్తిడి దాదాపు పది శాతం తక్కువ. ఒక చుక్క గడ్డకట్టిందంటే పక్కవాటి నీరు ఆవిరై దాని మీద చేరుతుంది.

అంచుల గురించి కూడా చెప్పాలి. సీసా మూత అంచు దగ్గర, అద్దం మూల దగ్గర చుక్కలు పెద్దవిగా ఉండటం గమనించారా? మధ్యలో ఉన్న చుక్క చుట్టూ పోటీ ఉంటుంది. అంచున ఉన్నదానికి ఒక పక్కంతా ఖాళీ గాలే, కాబట్టి ఎక్కువ ఆవిరి అందుతుంది.

ఈ లెక్కలు పనికొచ్చిన ఒక సందర్భం. ఒక ఆఫీసు భవనంలో ఫాల్స్ సీలింగ్ నుంచి నీళ్ళు కారుతున్నాయని పిలిచారు. పైన ఏడు డిగ్రీల నీళ్ళు పారే చిల్డ్ వాటర్ పైపులు. కారుతున్న చోట ఇన్సులేషన్ ఊడదీసి చూసి, లీకేజీ లేదని నిర్ధారించుకుని, మళ్ళీ చుట్టి వెళ్ళారట. అయినా కారుతూనే ఉంది. చుక్క రాలే చోటు వేరు, పుట్టే చోటు వేరు. పైపు వాలు వెంట పైకి వెళ్తే, పైపును వేలాడదీసిన క్లాంపుల దగ్గర రబ్బరు ఇన్సులేషన్ నలిగి పలచబడి ఉంది. క్లాంపు డ్యూ పాయింట్ కంటే చల్లబడి, దాని మీద పుట్టిన చుక్కలు కలిసి, జారి, పైపు కింది వాలు దాకా పాకి అక్కడ రాలుతున్నాయి. క్లాంపుకూ పైపుకూ మధ్య నలగని గట్టి ముక్క పెట్టించాక ఆగింది. మీ ఇంట్లో ఏసీ పైపు కారుతున్నా ఇలాగే పైకి వెతకండి.

ఇంకో సంగతి, చాలామంది నమ్మరు. చుక్కలు పట్టడమే సీసాను వేడెక్కిస్తుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు గ్రాముకు సుమారు 2,450 జౌళ్ళ గుప్తోష్ణం వదులుతుంది. ఒక్క గ్రాము చెమట 300 మిల్లీలీటర్ల చల్లనీళ్ళను దాదాపు 2 డిగ్రీలు పెంచడానికి సరిపోతుంది. కోస్తా ఉక్కపోతలో కూల్‌డ్రింకు చల్లదనం అంత త్వరగా పోవడానికి వేడిగాలి ఎంత కారణమో ఈ చెమట కూడా అంతే కారణం. సీసాకు గుడ్డ తొడిగితే లాభం అందుకే.

"తామరాకు లాంటి ఉపరితలం చేస్తే చుక్కలే నిలవవు కదా" అని కింద వ్యాఖ్యల్లో ఒకరు అన్నారు. వాన చుక్క విషయంలో అది నిజం. పైనుంచి పడిన చుక్క ఆకు మీది బుడిపెల కొనల మీద నిలబడి దొర్లిపోతుంది. కానీ ఆవిరి అలా రాదు, బుడిపెల సందుల్లోకి దూరి అక్కడే చుక్కలు కడుతుంది. తామరాకు మీద ఆవిరిని చల్లార్చి చూసిన ప్రయోగాల్లో చుక్కలు దొర్లకుండా అతుక్కుపోయాయి. నానోమీటర్ల స్థాయి గరుకుదనం కూడా చేర్చి తయారుచేసిన కొన్ని ఉపరితలాల మీద మాత్రం వింత జరుగుతుంది. రెండు చుక్కలు కలిసినప్పుడు మిగిలే తలతన్యత శక్తితో కొత్త చుక్క ఉపరితలాన్ని వదిలి పైకి ఎగురుతుంది. 2009లో బొరేకో, చెన్ దీన్ని చూపించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఇంటి వాడకానికి ఇంకా దూరమే.

పొద్దున్నే వరి ఆకు కొసన వేలాడే చుక్కను దీనికి ఉదాహరణగా ఇవ్వకండి. అది ఎక్కువగా మంచు కాదు, బిందుస్రావం. వేరు పీల్చిన నీరు ఆకు కొసన ఉండే సన్నటి రంధ్రాల్లోంచి బయటకు వస్తుంది. గుర్తుపట్టడం తేలిక: ఆకు అంచుల్లోనూ కొసల్లోనూ మాత్రమే వరసగా చుక్కలుంటే అది బిందుస్రావం, ఆకంతా సన్నగా పరుచుకుని ఉంటే మంచు.

వానాకాలం కారు అద్దం మసకబారడం గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. వేలితో లోపల గీయండి. గీత పడితే లోపలి వైపు చుక్కలు: ఏసీ వేయండి, అది గాలిలోని తేమను తీసేస్తుంది. గీత పడకపోతే బయటి వైపు: ఏసీ గాలి తగిలి అద్దం బయటి గాలి డ్యూ పాయింట్ కంటే చల్లబడింది, వైపర్ తిప్పి, ఏసీ తగ్గించండి లేదా గాలిని అద్దం మీంచి మళ్ళించండి. లోపలి అద్దానికి కాస్త సబ్బు రాసి పొడిగుడ్డతో తుడవడం పాత చిట్కా, పనిచేస్తుంది. సబ్బు స్పర్శకోణాన్ని తగ్గిస్తుంది, చుక్కలు పరుచుకుని పొరవుతాయి, పొర వెలుతురును చెదరగొట్టదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. అద్దం శుభ్రంగా తుడిచి వేలితో ఒక అక్షరం రాయండి, ఏమీ కనిపించదు. ఊపిరి వదలండి, అక్షరం తేలుతుంది, జిడ్డున్న చోట ఒక రకం చుక్కలు, లేని చోట మరో రకం. ఆరిపోయాక రేపు మళ్ళీ ఊపిరి వదిలినా అదే అక్షరం వస్తుంది. ఫోను కెమెరాకు చిన్న మాక్రో లెన్సు తగిలించి సీసా మీద వీడియో తీస్తే రెండో దశ బాగా దొరుకుతుంది. పక్క నుంచి వెలుతురు పడేలా చూసుకోండి, ఫ్లాష్ వద్దు.